మరక లేని చెయ్యి

నేను ఏం చెప్పినా సగం తీసేసి నమ్మడం మా ఇంట్లో అలవాటు. మీరూ అలాగే నమ్మండి.

డెబ్బైల చివర్లో, శిక్షణ కోసం తిరుపతి నుంచి బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి రోజూ పోయేవాణ్ణి. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. బస్సులో మూడు వందల మంది, అందులో సగం మంది నా కాళ్ళ మీదే! ఇంతా చేసి అక్కడ నేర్చుకున్నది సూపర్వైజరుకు టీ మోయడం. మెషీన్ల దగ్గరికి పోతే కసురుకునేవాడు. మానేద్దామా, వద్దా అని దారి పొడుగునా ఉడికిపోయేవాణ్ణి.

ఒక సాయంత్రం పక్క సీట్లో ఒకామె కూర్చుంది. కాయలు కోసే కూలిమనిషి కాబోలు, వేళ్ళన్నీ మామిడి సొనకు నల్లబడి ఉన్నాయి.

"ఈడ ఏం పని నాయనా?" అంది.

"గుజ్జు ఫ్యాక్టరీలో ట్రైనింగు. రెండు నెలలుగా తిరపతి నుంచి వస్తాండా," అన్నాను గొప్పగా.

ఆమె నా చెయ్యి లాక్కుని, తిప్పి చూసి, వాసన కూడా చూసింది.

"సొన మరక ఒక్కటీ లేదే! సేతులిట్లా పెట్టుకునేదానికా అంత దూరం నుంచి వస్తాండావు?"

ఒళ్ళు మండిపోయింది. నిజం కాబట్టి ఇంకా మండింది. మర్నాడు సూపర్వైజరు బల్ల మీద టీ గ్లాసు దడాలున పెట్టి, "పని నేర్పిస్తారా, ఇంటికి పొమ్మంటారా సార్?" అని గర్జించాను. ఆయన గడగడా వణికిపోయి మెషీన్ దగ్గరికి పంపాడు.

ఆయన వణికాడన్నది నా కల్పన. వణికింది నేనే, టీ కూడా ఒలికింది. పంపడం మాత్రం నిజం. ఆ సాయంత్రం బస్సులో, ఆమె ఎక్కుతుందేమోనని, మెషీన్లో కాయలు వేసి సొన మరకలు పడ్డ చెయ్యి కిటికీ మీద పెట్టుకుని కూర్చున్నాను.