హరి గొంతుతో నేను తిప్పిన బోట్లు

మా జువ్వలదిన్నెలో తుఫాను వస్తుందంటే బోట్లు చేపల వేట మధ్యలో వెనక్కి వస్తాయి. ఊళ్ళో ఎవరైనా పోతే వస్తాయి. ఈ రెండూ లేకుండా, ఫెళ్ళున ఎండ కాస్తున్న పగటిపూట, ఒడ్డున కుర్చీలో కూర్చుని, కాలికి తడి తగలకుండా నాలుగు బోట్లను పరుగున ఇంటికి తెప్పించిన ఘనత మాత్రం నాదొక్కదానిదే. అదీ ఒక మగవాడి గొంతుతో. కంగారు పడకండి, మొత్తం చెబుతాను. నేను చెప్పకపోతే మా ఊరివాళ్ళు ఎలాగూ చెబుతారు. వాళ్ళ లెక్కలో ఆ నాలుగు బోట్లు ఇప్పటికే పన్నెండయ్యాయి.

నా పేరు రత్నం. చెన్నైలో కార్టూన్ సీరియళ్ళకి తెలుగు గొంతు ఇవ్వడం నా పని. నాది పుట్టుకతోనే బొంగురు గొంతు. "ఆడపిల్లవి, మెల్లగా మాట్లాడు మే" అని మా అమ్మ మొత్తుకునేది. చివరికి ఆ గొంతే నాకు అన్నం పెట్టింది. అల్లరి మగపిల్లల వేషాలన్నీ నాకే వచ్చేవి. వాటిలో పెద్దది చిట్టిదొర. డబ్బున్న ఇంట్లో ఒక్కగానొక్క కొడుకు, పక్కవాడి టిఫిన్ లాక్కుని తినే రకం, ఓడిపోతే ఆటే ఆపేసే ఘనుడు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే వాడు మీకూ తలనొప్పి తెప్పించే ఉంటాడు. నన్ను క్షమించండి.

మొదటిరోజే డైరెక్టరుగారు, "వీడికి మంచి పొగరు కావాలమ్మా" అన్నారు. పొగరు కోసం నేను ఎక్కడా వెతకలేదు. మా క్లాసులో హరి ఉండేవాడుగా!

హరి మా ఊళ్ళో బోట్ల యజమాని కొడుకు. బ్యాటు వాడిదే, బంతి వాడిదే. అందుకని వాడు ఔట్ అవడమన్నది ఉండేది కాదు. స్టంపులు మూడూ లేచిపోయి, దిక్కులేక ఒప్పుకోవాల్సి వస్తే, బంతి చంకలో పెట్టుకుని, ముక్కు పైకెత్తి అనేవాడు: "ఆట అయిపోయింది. అందరూ ఇండ్లకి పోండి!" ఆ "పోండి"ని మాత్రం సముద్రం అవతల దాకా సాగదీసేవాడు. ఒకసారి నేను వేసిన బంతికే స్టంపులు లేచాయి. ఆ వారమంతా ఊళ్ళో ఆట లేదు. ఆ మాటని, ఆ సాగదీతతో సహా, తీసుకెళ్ళి చిట్టిదొర నోట్లో పెట్టాను. పిల్లలకి తెగ నచ్చింది.

ఇలా హాయిగా బతుకుతుంటే, సీరియల్ రాసేవాళ్ళకి ఏం పుట్టిందో గానీ, కథలో పిల్లలందరినీ ఒక్క వారంలో పెద్దవాళ్ళను చేసేశారు. చిట్టిదొరకి మీసం వచ్చింది.

"మీసం వచ్చాక ఆడవాళ్ళ గొంతు ఏం బాగుంటుంది రత్నంగారూ? మగవాళ్ళనెవరినైనా చూస్తున్నాం" అన్నారు డైరెక్టరుగారు.

నా ఇల్లు గడిచేది చిట్టిదొర మీదే. "సోమవారం దాకా ఆగండి. పెద్ద చిట్టిదొరని పట్టుకొస్తాను. నచ్చకపోతే మీ ఇష్టం" అన్నాను.

"ఎక్కణ్ణుంచి పట్టుకొస్తారు?"

"మా ఊరినుంచి."

నిజం చెప్పాలంటే, వేషం పోతుందన్న భయం సగమైతే, మిగతా సగం కుతూహలం. బంతి లాక్కునే పిల్లాడు పెద్దయ్యాక ఏమవుతాడు? అప్పుడిక ఏం లాక్కుంటాడు? ఆ ముక్కు ఇంకా పైకే ఉంటుందా, లేక బరువెక్కి కిందికి దిగుతుందా? రైల్లో కూర్చున్నంతసేపూ ఇదే ఆలోచన.

హార్బరులో హరి షెడ్డుకి వెళ్ళేసరికి వాడు వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని బోట్లతో మాట్లాడుతున్నాడు. బొజ్జ, మీసం, కళ్ళజోడు. నేను చెవులు నిక్కబొడుచుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

"పోలయ్య మామా, అన్నం తిన్నారా అందరూ? మంచినీళ్ళు సరిపోతాయా? పిల్లోళ్ళని అంచుమీద కూర్చోనియ్యబాక, జాగర్త."

ఇంకేముంది, నా ఉద్యోగం మునిగింది.

"ఏంది హరీ, ఇట్లా అయిపోయినావు?" అన్నాను.

"ఎట్లా?"

"మర్యాదగా!"

హరి పడీ పడీ నవ్వాడు. "బోటు నాదే మే, వలా నాదే. పోలయ్య మామ అలిగి దిగిపోతే మాత్రం ఆ బోటు మీద కాకులు కూర్చోవాల. చిన్నప్పుడు బంతి తీసుకొని నేను ఇంటికి పోతే మీరు ఏడ్చేవోళ్ళు. ఇప్పుడు ఇంటికి పోయేది వాళ్ళు, ఏడ్చేది నేను."

వచ్చిన పని నేను చెప్పలేదు. చెబితే జాగ్రత్త పడతాడు కదా! ఊరు చూసిపోదామని వచ్చానన్నాను. ఆ పూటా, మర్నాడూ వాడికి కోపం తెప్పించడానికి నేను చెయ్యని వెధవ పని లేదు. వాడి కుర్చీలో కూర్చున్నాను. దిండు తెచ్చి వెనక పెట్టాడు. వాడి టీ కుడితిలా ఉందన్నాను. వేరే చోటినుంచి తెప్పించాడు. ఇక లాభం లేదని చివరి బాణం వదిలాను.

"హరీ, నేనేసిన బంతికి నువ్వు ఔట్ అయినావు, గుర్తుందా?"

ముక్కు లేచింది! నా కళ్ళముందే, గాలిపటంలా లేచింది.

"ఔటా? నోబాల్ మే అది!"

ఒక్క మాటే. అయితేనేం, దొరికాడు. అదే పొగరు, కాకపోతే ఇప్పుడు గొంతు బానలోంచి వస్తున్నట్టు బరువుగా ఉంది. నేను లోలోపల ఎగిరి గంతేశాను. ఇంతలో, "ఐసు ఫ్యాక్టరీ దాకా పోయొస్తా. షెడ్డు చూస్తా ఉండు" అని హరి బండెక్కాడు.

మరిచిపోకముందే ఒకసారి అని చూసుకోవాలి. నాకో దురలవాటు ఉంది. చేతిలో మైకు లేకపోతే గొంతు పెగలదు. ఎదురుగా గోడకి వైర్‌లెస్ మైకు వేలాడుతోంది. సెట్టేమో ఒకటే గరగర. బుడిపె ఒకటి తిప్పాను. గరగర ఆగింది. హమ్మయ్య, సెట్టు ఆగిపోయింది అనుకున్నాను. రోజంతా మైకుల మధ్య బతికే మహాతల్లిని, అది శబ్దం తగ్గించే బుడిపె అని గ్రహించలేదు. నాకు వాళ్ళు వినపడరు, అంతే. వాళ్ళకి నేను బ్రహ్మాండంగా వినపడతాను.

మైకు తీసి, బటన్ నొక్కి, ముక్కు పైకెత్తాను.

"ఆట అయిపోయింది. అందరూ ఇండ్లకి పోండి!"

బాగాలేదు. గొంతు ఇంకా కిందికి దింపాను. మళ్ళీ అన్నాను. మూడోసారికి అచ్చం హరే. నా ఒళ్ళు నాకే జలదరించింది. ఆ ఊపులో సొంత డైలాగు కూడా తగిలించాను: "ఎవుర్రా నాకు ఎదురు చెప్పేది? ఈ బోట్లు ఎవురివి? మారుమాట్లాడితే ఒక్కొక్కడి సంగతి చూస్తా! అందరూ ఇండ్లకి పోండి!"

మీకు ఇక్కడ మావాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఒడ్డునుంచి వచ్చేయమని యజమాని మాట వస్తే, జవాబు వచ్చేదాకా ఎవరూ ఆగరు. గాలి మారుతుందేమో, ఎవరికి తెలుసు? ముందు వల ఎత్తేస్తారు, ఎందుకని ఒడ్డుకొచ్చాక అడుగుతారు. అయినా నాలుగు బోట్లవాళ్ళూ దారి పొడుగునా "ఏమైంది హరన్నా? ఏమైంది?" అని అరుస్తూనే వచ్చారట. వినపడకుండా చేసిన పుణ్యాత్మురాలిని నేనే కదా!

హరి తిరిగొచ్చాడు. ఇద్దరం టీ తాగుతున్నాం. సముద్రంకేసి చూస్తూ చూస్తూ వాడు గ్లాసు నోటిదగ్గరే ఆపేశాడు.

"అవి మన బోట్లు గదా?"

బోటు ఒడ్డుకి ఆనిందో లేదో, పోలయ్య మామ దూకి, తడిబట్టలతోనే పరిగెత్తుకొచ్చి హరిని గట్టిగా పట్టుకున్నాడు. మామ మా అమ్మ తమ్ముడు, హరి బోట్లు నడిపేవాళ్ళలో పెద్ద సరంగు.

"అబ్బయా, బాగుండావా? ఎవురు పోయినారు?"

"ఎవురూ పోలేదు మామా! మీరెందుకు వచ్చేసినారు?"

"నువ్వే గదా రమ్మనింది! 'ఎవుర్రా నాకు ఎదురు చెప్పేది' అన్నావు! హరి నోట అట్లాంటి మాట వచ్చిందంటే వాడికి ఒళ్ళన్నా బాగుండకూడదు, ఇంట్లో ఏదన్నా జరగనన్నా జరగాల అని, నిండే వలని సగంలో ఎత్తేసి వచ్చినాం!"

హరి మామని చూశాడు, సెట్టుని చూశాడు, బుడిపెని చూశాడు. ఆఖరున నన్ను చూశాడు. నేను టీ గ్లాసు అడుగున ఏముందో చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాను.

"రత్నా, ఇది ఎవురు తిప్పింది?"

"గరగరమంటా ఉంటే..."

ఇక దాచి లాభం లేక అంతా చెప్పాను. కార్టూను, చిట్టిదొర, మీసం, సోమవారం.

"అంటే, మా పాప రోజూ చూసే ఆ పొగరుబోతు నేనా?" అన్నాడు హరి.

"చిన్నప్పటి నువ్వు."

"వాణ్ణి చూసి మా పాప ఏమంటాదో తెల్సా? 'నాయనా, వీణ్ణి వాళ్ళ నాయన పట్టుకొని నాలుగు తన్నడేంది?' అంటాది. నేను గూడా 'అవునమ్మా, తన్నాల్సిందే' అంటా!"

సగం వేట పోగొట్టుకుని మండిపోతున్న మామ కూడా ఫక్కున నవ్వాడు. బోట్లవాళ్ళంతా అందుకున్నారు. హరి ముఖం కందగడ్డలా అయింది. ముక్కు లేచింది.

"చాల్లే నవ్వింది! ఆట అయిపోయింది. అందరూ ఇండ్లకి పోండి!"

అయితే ఆ "పోండి" చివర చిన్న వణుకు. వీళ్ళు నిజంగానే ఇళ్ళకి పోతారేమోనన్న భయం. నేను వెతుక్కుంటూ వచ్చింది అదే! ఆ క్షణంలో కాళ్ళమీద పడాల్సిన మనిషిని, ఏమన్నానో తెలుసా?

"అబ్బ, హరీ! ఇంకొక్కసారి అను. ఆ వణుకు నాకు దొరకడంలా!"

మామ నన్ను రెక్క పట్టుకుని బయటికి లాక్కెళ్ళాడు కాబట్టి బతికాను. వెనకనుంచి హరి మెల్లగా అనడం వినపడింది. "సరేలే, అందరూ అన్నం తిని పోండి."

సోమవారం ఆ వణుకుతో సహా చెప్పాను. డైరెక్టరుగారు చెవులమీది హెడ్‌ఫోను తీసి, "ఎవరమ్మా ఈయన?" అన్నారు. వేషం నాకే ఉంది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కొన్నాళ్ళకి పట్టపగలు హరి ఫోను. గొంతులో ప్రాణం లేదు.

"గాలి మారతా ఉంది మే. వచ్చేయండి మామా అంటే, 'రత్నమ్మా, గమ్మునుండు, మళ్ళీ మోసపోయేదానికి మేం పిచ్చోళ్ళమా' అంటా ఉండాడు! గట్టిగా అరిస్తే, 'ఇప్పుడు అచ్చం హరి లాగే ఉంది, బాగా నేర్చినావు' అంటాడు! నువ్వు చెన్నైలో ఉండావని నీ నోటితో చెప్పు."

ఫోను తీసుకెళ్ళి సెట్టు మైకు దగ్గర పెట్టాడు. నేను నా గొంతుతోనే అరిచాను. "మామా, నేను రత్నాన్ని! నేను చెన్నైలో ఉండా! అక్కడుండేది హరే!"

సెట్టులోంచి మామ కేక: "చూసినార్రా? షెడ్డులోనే ఉంది! నేను చెప్పలా?"

నవ్వులాట కాదది, అక్కడ గాలి మారుతోంది. అవతల హరి అరవడం మానేశాడు. తర్వాత చాలా మామూలుగా, "మామా, అన్నం తిన్నారా అందరూ?" అన్నాడు.

సెట్టు కాసేపు గరగరమంది.

"ఓరి నీ! నువ్వేనా అబ్బయా? వస్తా ఉండాం, వస్తా ఉండాం."

అందరూ క్షేమంగా వచ్చారు.

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా, మా సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఊపిరున్నంతవరకు నాది కాని మైకు ముట్టను, నాకు తెలియని బుడిపె తిప్పను. చిట్టిదొరకి పెళ్ళయినా, మనవలు పుట్టినా, డైరెక్టరుగారు కాళ్ళు పట్టుకున్నా, హరి గొంతుతో "అన్నం తిన్నారా" అన్న మాట మాత్రం అనను గాక అనను. ఆ నాలుగు బోట్లు ఇల్లు చేరడానికి హరికి మిగిలింది ఆ ఒక్క మాటే.