నల్లా నీళ్లు, టీవీ మైకు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. ఎల్బీ నగర్ దగ్గర మా కాలనీలో నల్లా తిప్పితే మురుగు కంపు. ఎక్కడో పైపు పగిలి డ్రైనేజీ నీళ్లు కలుస్తున్నాయి. మా పాపకు వాంతులు, విరేచనాలు. పక్కింటామె మామగారికైతే సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. జలమండలి ఆఫీసుకి వెళ్తే, ఈ బందుల్లో సిబ్బంది ఎక్కడున్నారమ్మా అని పంపేసేవారు. పత్రికకు రాసి పంపితే, రాస్తారోకో వార్తలకే చోటు చాలడం లేదన్నారు.

మేం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లం. పక్కింటామెది నల్లగొండ దగ్గర పల్లె. ఇద్దరం కలిసి ఓ టీవీ ఛానెల్‌కు ఫోన్ల మీద ఫోన్లు చేశాం. చివరికి ఓ ఉదయం విలేకరి కెమెరాతో సహా దిగాడు. సీసాలో పట్టి ఉంచిన పచ్చటి నీళ్లు చూపించాను. అతను వాటివైపు కన్నెత్తి చూడకుండా నా ముందు మైకు పెట్టాడు.

"మేడం, మీరు ఆంధ్రావాళ్లు కదా. రాష్ట్రం విడిపోతే ఇక్కడ ఉండగలమన్న నమ్మకం ఉందా?"

"నీళ్ల గురించి అడగండి బాబూ," అన్నాను.

మైకు పక్కింటామె వైపు తిరిగింది. "వీళ్లు వెళ్లిపోవాలంటారా?"

"ఏందయ్యా నువ్వడిగేది? తెలంగాణ రావాలె, అది వేరే ముచ్చట. గీ నీళ్లు తాగి మా మామ దవాఖానల పడ్డడు. ఈ అక్క బిడ్డకు గూడ పాణం బాగలేదు. జర ఆ సీసా సూపియ్యి."

అతను మళ్లీ అదే ప్రశ్న వేశాడు. ఇద్దరం గొంతు పెంచాం. అధికారులను నిలదీయాల్సిన మనిషి మమ్మల్ని నిలదీస్తుంటే ఒళ్లు మండదా?

సాయంత్రం వార్తల్లో మాటలు వినపడకుండా చేసి, మా ఇద్దరి కోపపు ముఖాలూ పక్కపక్కన వేశారు. కాలనీలో ప్రాంతాల చిచ్చు అని కింద స్క్రోలింగ్. సీసా ఎక్కడా లేదు. మా అన్నయ్య ఊరినుంచి ఫోన్ చేసి, వెంటనే బయలుదేరి వచ్చెయ్యమన్నాడు. అతనికి నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మర్నాడు పోలీసు జీపు వచ్చింది. గొడవ ఎక్కడ జరిగిందని ఎస్సై అడిగితే, ఏ గొడవా లేదని ఇద్దరం ఒకే గుమ్మంలో నిలబడి చెప్పాం. ఎండకు ఆయన మంచినీళ్లు అడిగారు. పక్కింటామె నల్లా నీళ్లే గ్లాసులో పట్టి తెచ్చింది. ఆయన నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయారు.

"ఏంటమ్మా ఈ వాసన?"

"మా గొడవ గిదే సార్. మేం దినాం తాగేటివి గివ్వే."

ఆయన అక్కడే నిలబడి ఎవరెవరికో ఫోన్లు చేశారు. ఆ వారంలోనే రోడ్డు తవ్వి పైపు మార్చారు.

హమ్మయ్య అనుకునేలోపే ఆ ఛానెల్లో మరో వార్త: మా కథనంతో కదిలిన యంత్రాంగం. నేను విసుగొచ్చి టీవీ కట్టేశాను. పక్కింటామె మాత్రం విలేకరికి ఫోన్ కలిపింది.

"నీళ్ల సంగతి నువ్వెప్పుడు సూపిచ్చినవయ్యా?"

మీటింగులో ఉన్నానని అతను పెట్టేశాడు.