పన్నెండున్నరకి గేటు దగ్గర

మా బడి ఆయమ్మ పోయింది. ఆ పొద్దున ప్రార్థనకి పిల్లల్ని వరుసలో నిలబెడుతుంటే ఆవిడ కూతురు ఫోన్ చేసింది. రెండు రోజులుగా జ్వరమని ఆయమ్మ సెలవులో ఉంది. మూడో రోజు ఉప్పల్‌లో దవాఖానాకి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయిందట. పిల్లలు ప్రార్థన ముగించి నా మొహంలోకి చూస్తున్నారు. మధ్యాహ్నం గేటు దగ్గర ఎవరుంటారు అన్నదే నాకు మొదట తట్టిన ఆలోచన. అలా తట్టినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మాది నాచారంలో ఒక చిన్న బడి. ఒకరి రెండంతస్తుల ఇల్లే బడి అయింది, ఐదో తరగతి వరకే. పిల్లల తండ్రుల్లో చాలామంది ఇక్కడి ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్లు. నేను పెళ్లయ్యాక కోస్తా నుంచి వచ్చి ఇందులో టీచరుగా చేరాను, తర్వాత ఇన్‌ఛార్జినయ్యాను. ఆయమ్మ నాకంటే ముందు నుంచీ ఉంది.

పన్నెండున్నరకల్లా అమ్మలూ నాన్నలూ నాయనమ్మలూ వేడి వేడి లంచ్ బాక్సులు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేవారు. ఆయమ్మ ఒక్కో బాక్సూ అందుకుని పక్కనున్న బల్ల మీద తరగతుల వారీగా పెట్టేది. పేరు చూడాల్సిన పనే లేదు, మూత చూస్తే చాలు ఎవరిదో చెప్పేసేది. బాక్సు తెచ్చిన మనిషిని మాత్రం అంత తొందరగా వదిలేది కాదు. "నువ్వు తిన్నవా?" అనేది. ఎవరినైనా సరే, ముందు ఆ మాటే. పిల్లకి వండి, సర్ది, ఎండలో మోసుకొచ్చిన మనిషిని ఆ మాట అడిగేవాళ్లు ఇంకెవరుంటారు? ఒకరు నవ్వేవారు, ఒకరు తినలేదనేవారు, ఎందుకు తినలేదో కూడా అక్కడే చెప్పుకునేవారు.

రోజూ తల్లి తెచ్చే బాక్సు ఒకనాడు నాయనమ్మ తెస్తే, తల్లికి ఏమైందో ఆ పూటే కనుక్కునేది. తర్వాత మెల్లగా నా దగ్గరికొచ్చి, ఈ పొద్దు ఆ పోరిని ఏమనకున్రి మేడం, అని చెప్పి పోయేది. కారణం అడిగితే చెప్పేది కాదు. వాళ్లింటి సంగతి మనకెందుకనేది. నాకు ఒళ్లు మండేది. ఇన్‌ఛార్జిని నేనా, ఆవిడా అనుకునేదాన్ని.

రెండేళ్ల కిందట ఒక నిర్ణయం తీసుకున్నాను. మధ్యాహ్నమయ్యేసరికి సందు నిండా బండ్లు, ఆటోలు. ఎదురింటాయన రోజూ గొడవ. ఇకమీదట పిల్లలు పొద్దున్నే బ్యాగులో బాక్సు తెచ్చుకోవాలి, మధ్యాహ్నం గేటు తీయబోమని నేనే నోటీసు రాసి ఇళ్లకి పంపాను. ఆయమ్మ ఆ బల్ల తుడుస్తూ అంది, "గేటు బందు వెడితే ఇండ్ల సంగతి మనకెట్ల ఎరుకైతది మేడం?" డైరీ ఉంది, నెలనెలా మీటింగు ఉంది, అన్నాను నేను, కాస్త కటువుగానే. ఆవిడ బల్లని గోడవారకి జరిపింది.

అప్పట్లో మూడో తరగతిలో ఒక పాప ఉండేది. చలాకీ పిల్ల, ఉన్నట్టుండి మందకొడిగా తయారైంది. క్లాసులో కునుకు. లెక్కలు సగంలో వదిలేసేది. చదువు మీద శ్రద్ధ లేదని డైరీలో రాశాను, ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ తండ్రి సంతకం వచ్చింది. మీటింగుకీ వచ్చాడు. అంతా బాగానే ఉంది మేడం అని వెళ్లిపోయాడు. నేనూ నమ్మాను. సంతకం ఉంది కదా.

ఒక పొద్దున పాప మెట్లెక్కలేక ఆగితే ఆయమ్మ ఆ బ్యాగు అందుకుంది. అందుకోగానే లోపల బాక్సులో చెంచా గలగలమంది. అన్నం ఉన్న బాక్సులో చెంచా అంత మోగదు. పాపని ఏమీ అడగలేదు. ఆ మధ్యాహ్నం తన డబ్బాలోది సగం పాప బాక్సులో సర్ది, ఎవరూ చూడకుండా బ్యాగులో పెట్టింది. సాయంత్రం నాతో, తండ్రి దగ్గరికి పోదాం రాండ్రి, పిల్లను మాత్రం అడగొద్దు, అంది. నేను వెంట వెళ్లాను.

పాప తల్లి మూడు వారాలుగా ఆసుపత్రిలో ఉందట, తోడుగా నాయనమ్మ. తండ్రిది రాత్రి షిఫ్టు. సాయంత్రమే ఇద్దరికీ, పాప మర్నాటి బాక్సుకీ కలిపి వండి పెట్టి పనికి వెళ్తాడు. పొద్దున అతను వచ్చేసరికి పాప బడికి బయల్దేరిపోతుంది. గిన్నెలో మిగిలింది తన వాటా అనుకుని తిని పడుకునేవాడు. నాన్న ఆకలితో వస్తాడని ఆ పిల్ల తన వాటా కూడా అందులోనే ఉంచి, ఖాళీ బాక్సు మోసుకొచ్చేది. అడిగితే తిన్నానని చెప్పేది.

ఖాళీ బాక్సు సంగతి ఆయమ్మ చెప్పగానే అతను పొయ్యి మీది గిన్నె వైపు చూశాడు. "నా బిడ్డ బువ్వ నేనే తిన్ననా ఆయమ్మా," అన్నాడు. మూడుసార్లు శ్రద్ధ లేదని రాసిన చెయ్యి నాదే కదా.

"ఎవ్వరు నిన్ను తప్పు వట్టలే బిడ్డా," అంది ఆయమ్మ. "పండుకొని లేసినంక వండు. పన్నెండున్నరకు గేటు కాడికొచ్చి డబ్బ నా చేతికియ్యి."

మర్నాడు గేటు తీసి ఉంది. నన్ను అడగలేదు, నేను ఆపలేదు. వారం తిరగకుండా బల్ల మళ్లీ నిండింది. నోటీసు నేనే వెనక్కి తీసుకున్నాను. ఎదురింటాయనని ఆయమ్మే బతిమాలుకుంది. కానీ తప్పు నాదేనని, ఆయమ్మ చెప్పిందే నిజమని ఒక్కమాట ఆవిడతో అనలేదు. అనాలని చాలాసార్లు గేటు దాకా వెళ్లాను. ఎండగా ఉంది కదూ అని వెనక్కొచ్చేదాన్ని. నా ఇన్‌ఛార్జి హోదా అడ్డొచ్చింది, ఇంకేం కాదు. ఇప్పుడు మీతో చెప్పుకుంటున్నాను. వినాల్సిన మనిషి మాత్రం లేదు.

ఆవిడ పోయిన మర్నాడు గేటు దగ్గర నేనే నిలబడ్డాను. పేర్లు చదువుకుంటూ, తడబడుతూ, బాక్సులు బల్ల మీద పెడుతున్నాను. ఆ పాప ఇప్పుడు ఐదో తరగతి. తల్లి కోలుకుంది, అయినా బాక్సు తండ్రే తెస్తాడు. నా చేతికిచ్చి, వెళ్లకుండా అక్కడే ఉన్నాడు. అప్పుడు గమనించాను, ముందొచ్చిన వాళ్లు కూడా ఎవరూ వెళ్లలేదు. ఇచ్చేసి గోడవారగా నిలబడి ఉన్నారు.

"ఏమైనా చెప్పాలా?" అని అడిగాను.

"ఏం లేదు మేడం," అన్నాడు తల దించుకుని. "ఆయమ్మ ఒక మాట అడిగేది గద. కాలు కదుల్తలేదు."

"మీరు తిన్నారా?" అన్నాను.

తిన్నానన్నట్టు తలూపి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. అతని బాక్సు ఇంకా నా చేతిలోనే ఉంది. చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి చూశాను. నిండుగా, వెచ్చగా ఉంది. చెంచా మోగలేదు.