కిరీనో గరిటె

లిబెరాతో అనే కొండవాడు తోలుతిత్తి ఊదేవాడు. చెల్లెలి మొగుడు కిరీనోది సన్నాయి. తిత్తి శ్రుతి పట్టాలి, సన్నాయి పాట ఎత్తుకోవాలి. ఏటా క్రిస్మస్ ముందు ఇద్దరూ కొండ దిగి నేపుల్స్ వెళ్లి, ఒప్పుకున్న ఇళ్లలో బాలయేసు పాక బొమ్మల ముందు తొమ్మిది రోజులు వాయించేవారు. మొదటిరోజే ఎవరు చెక్కిన కొయ్య గరిటె వాళ్లు ఆ ఇంట్లో తాకట్టుగా వదలాలి. పాట పూర్తయ్యాకే అది తిరిగి చేతికొస్తుంది. పరాయిచోట పోయినవాడికి ఆ గరిటెనే సొంత ఊళ్లో పూడ్చి సమాధి కట్టడం వాళ్ల ఆనవాయితీ.

ఆ ఏడు వాళ్లు ఒప్పుకున్న ఇంటావిడ రఫ్ఫాయేలమ్మ కూతురు విషజ్వరంతో పడివుంది. తొమ్మిది రోజులూ పాట తెగకపోతే పిల్ల బతుకుతుందని తల్లి నమ్మింది. లిబెరాతో కూడా నమ్మాడు.

సగం రోజులు గడిచాయో లేదో కిరీనోకు రొమ్ము పట్టేసింది. సత్రంలో గడ్డిపరుపు మీదే పోయాడు. పేదల గోతిలో సున్నం చల్లి పూడ్చేశారు. మైలపడ్డ వాద్యగాణ్ణి పాక ముందుకు రానివ్వరు. లిబెరాతో టోపీకి నల్లగుడ్డ కట్టకుండానే ఆ ఇంటి మెట్లెక్కాడు.

"నీ జోడీ ఏడయ్యా?" అంది రఫ్ఫాయేలమ్మ.

"పెదవి వాచిందమ్మా. ఊదలేడు."

"వాచదూ మరి? వాడికి సన్నాయి మూతీ సీసా మూతీ ఒకటేనాయె."

నవ్వకపోతే బాగుండదని నవ్వాడు. కిరీనో నిలబడే చోటు వదిలి, పక్కకే నిలబడి తిత్తి నొక్కాడు. శ్రుతి గదంతా నిండింది. పాట రావలసిన చోట ఏమీ రాలేదు. మిగిలిన రోజులూ అలాగే గడిచాయి.

చివరి రోజున పిల్ల లేచి కూర్చుని రొట్టె నానిన పులుసు తాగింది. తల్లి ఒక్క గరిటే తెచ్చింది.

"నీది తీసుకో. వాడిది ఇవ్వను. నాకు పాట బాకీపడ్డాడు. వచ్చే ఏడు తానే వచ్చి ఊది విడిపించుకోమను."

నిజం చెబితే గరిటె వస్తుంది. కానీ చావుతో, మైలతో పాట ఏనాడో తెగిందని తెలిసిపోతుంది. లోపల పిల్ల తాగుతున్న గిన్నె చప్పుడవుతోంది.

"చెబుతాలెమ్మా," అన్నాడు.

మంచులో ఒక్కడే కొండెక్కి వస్తుంటే చూసి, చెల్లెలు ఫిలొమేనా దొడ్డి దగ్గరే కూలబడింది. అతను సన్నాయి ఆమె ఒళ్లో పెట్టి జరిగినదంతా చెప్పాడు.

"ఎవరి పిల్లో బతికింది. మంచిదే. మరి నేనేం పూడ్చను అన్నయ్యా?"

అతను నడుముకు దోపుకున్న గరిటె తీసి ఇచ్చాడు. ఆమె దాని కాడ మీద వేలితో తడిమి, తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

"ఇది నీది. నువ్వు బతికే ఉన్నావు."