మామ చూపించిన సముద్రం

మొన్న మా బడి పిల్లలను తీసుకొని విహారయాత్రకు బయలుదేరినప్పుడు, బస్సు మెట్టెక్కి లోపల కాలు పెట్టగానే, పొద్దటి ఎండకు అప్పుడప్పుడే కాగుతున్న రెగ్జిన్ సీట్ల వాసన, డీజిలు కమురు, ఎవరి టిఫిన్ డబ్బాలోంచో పొంగుకొస్తున్న పులిహోర తాలింపు వాసన కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. ముందర మైకు పట్టుకొని నిలబడ్డ గైడు మేం చూడబోయే కోటల గురించి గడగడా చెప్పుకుపోతున్నాడు. పిల్లలు అరుస్తున్నారు, పాటలు పెట్టమంటున్నారు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను గానీ నా కళ్ల ముందున్నది ఆ బస్సు కాదు. కామారెడ్డి నుంచి దోమకొండకు, అక్కడి నుంచి వెనక్కి తిరిగి ఎల్లారెడ్డి మీదుగా నిజాంసాగర్‌కు మమ్మల్ని తిప్పిన ఖాజా చాచా పాత వ్యాను. అందులో డ్రైవరు పక్కన, వీపు అద్దానికీ, ముఖం మావైపూ పెట్టి నిలబడ్డ మా అమ్మ తమ్ముడు రాజయ్య మామ.

అప్పట్లో మేం కామారెడ్డిలో బెల్లం మార్కెట్టు వెనక గల్లీలో ఉండేవాళ్లం. చలికాలం మొదలైతే బండ్ల మీద వచ్చే బెల్లం ముద్దల వాసన ఇంట్లో ఆరేసిన బట్టలకు కూడా పట్టేది. ఎండాకాలం ఆ వాసన పోయి మిల్లుల నుంచి ఎగిరొచ్చే ఊక దుమ్ము గడపల మీద పేరుకునేది. బాపు మిల్లులో పనిచేసేవాడు. ఇంట్లోకి వచ్చేముందు వాకిట్లో నిలబడి తువ్వాలతో ఒళ్లంతా దులుపుకునేవాడు. అవ్వ, అంటే మా అమ్మను కన్న తల్లి, మాతోనే ఉండేది. పొద్దున లేచి వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, చాయ తాగుతూ గల్లీలో పోయే ప్రతి మనిషినీ నిలబెట్టి బాగోగులు మందలించేది. ఇంకా మా ఇంట్లో సునీత ఉండేది.

సునీత మామ బిడ్డ. ఇంకా పాలు మరవకముందే దాని తల్లి జ్వరంతో పోయింది. ఆ దుఃఖంలో, చేతిలో పని లేక, మామ మస్కట్ పోతూ పోతూ ఆ పసిగుడ్డును తెచ్చి మా అమ్మ ఒళ్లో పెట్టిపోయాడు. నాకంటే మూడేళ్లు చిన్నది. మా ఇద్దరికీ ఒకటే కంచం, ఒకటే చద్దరు. వానాకాలం అరుగు మీద కూర్చొని చింతగింజలతో అష్టాచెమ్మ ఆడేవాళ్లం, ఓడిపోతే అది పిక్కలన్నీ ఊడ్చేసి పారిపోయేది. మా అమ్మను అమ్మ అనేది, మా బాపును బాపు అనేది. ఎప్పుడో ఏడాదికోసారి మస్కట్ ముచ్చట వస్తే, నేనన్నట్టే అది కూడా మామ అనేది. ఎవరూ నేర్పలేదు. ఎవరూ దిద్దలేదు. దిద్దడానికి ఎవరికీ నోరు రాలేదేమో అని ఇప్పుడనుకుంటాను.

దానికి ఏడేళ్లున్నప్పుడు మామ మొదటిసారి వచ్చాడు. బతుకమ్మకు ముందు రోజులవి. రోడ్ల పక్కన తంగేడు పచ్చగా విరబూసి, సంతలో సీతాఫలాలు, మక్కకంకులు కుప్పలు పోసి ఉన్న కాలం. ఆటో దిగుతున్న మనిషిని గల్లీ మలుపులోనే చూసి, ఫోటోలో చూసిన ముఖం గుర్తుపట్టి సునీత ఇంట్లోకి ఉరికింది.

"అమ్మా, మామ వచ్చిండే! మన మస్కట్ మామ వచ్చిండు!"

వాకిట్లో పెట్టె దించుతున్న మామ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత తల పైకెత్తి, నవ్వు ముఖం పెట్టుకొని, "వచ్చిండు, మామ వచ్చిండు" అని తనే అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి పోయింది.

పెట్టె తెరిస్తే ఇల్లంతా అత్తరు, సబ్బుల వాసన. అవ్వకు మెత్తటి కంబళి, బాపుకు టార్చిలైటు, నాకూ సునీతకూ ఒకే రంగు గౌన్లు. సునీత తన గౌను తీసుకుంది, మామ దగ్గర మాత్రం నిలబడలేదు. తలుపు వెనక నుంచి చూసేది. అన్నం తినిపించబోతే చేతులు వెనక్కి పెట్టుకునేది. రాత్రి మా బాపు పక్కన చేరి, ఆయన బొజ్జ మీద కాలేసుకొని పడుకునేది. మామ అరుగు మీద కూర్చొని బీడీ కాల్చుకునేవాడు.

మస్కట్‌లో ఆయన పని, ఊరు చూడవచ్చిన వాళ్లను బస్సులో తిప్పడం. మొదట బస్సు కడిగాడు, తర్వాత నడిపాడు, తర్వాత విని విని నేర్చుకొని తనే అన్నీ చెప్పి చూపించే మనిషయ్యాడు. పొద్దున సుల్తాను మహలు చూపించాలి, పగటికి సముద్రం ఒడ్డుకు తీసుకుపోవాలి, పొద్దుగూకే వేళకు హోటలు దగ్గర దించాలి. ఒకరోజు తింటూ తింటూ ఉన్నట్టుండి అమ్మతో అన్నాడు.

"గిన్నేండ్లసంది ఎవలెవలి పిల్లలకో చూపిచ్చిన అక్కా. పొద్దున మహలు, పగటికి సముద్రం. నా పిల్లకు ఒక్క దినమన్న చూపియ్యొద్దా?"

"ఈడ మహలెక్కడిది, సముద్రమెక్కడిదిరా?" అంది అమ్మ.

"దోమకొండల గడి లేదా? నిజాంసాగర్ లేదా? సాగర్ గేట్లు ఎత్తిండ్రట. బావా, మిల్లుకు ఒక్క దినం సెలవు పెట్టు, అందరం పోదాం."

బాపు సరేనన్నాడు. ముందురోజంతా ఇంట్లో పండుగలాగే ఉంది. అమ్మ మక్కలు రుబ్బి గారెలు కాల్చింది, రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి పోసి మలీద ముద్దలు కట్టింది, పులిహోర కలిపి మోదుగాకుల్లో పొట్లాలు చుట్టింది. తెల్లవారి మామ స్నేహితుడు ఖాజా చాచా వ్యాను తెచ్చి గల్లీ మొదట్లో ఆపాడు. మామ మస్కట్ నుంచి తెచ్చుకున్న తెల్లచొక్కా వేసుకొని, తలుపు పట్టుకొని, ఎక్కే ప్రతి ఒక్కరికీ తల వంచి, "దయచేయుండ్రి మేడమ్" అంటూ చెయ్యి చూపించాడు.

"ఎవల్ని పట్టుకొని మేడమంటున్నవ్‌రా?" అని అవ్వ కసిరింది గానీ, ఎక్కి కూర్చున్నాక కొంగు సర్దుకొని కాస్త నిటారుగా అయింది.

సునీత మాత్రం మామ చూపించిన ముందు సీటు వైపు చూడలేదు. "బాపూ, నాకు కిటికీ కాడ కావాలె" అని మా బాపు చెయ్యి పట్టుకొని వెనక్కి లాక్కుపోయింది. మామ ముందుకు తిరిగి, ఖాజా చాచాతో "పోనీ అన్నా" అన్నాడు.

దారి పొడుగునా మామ నోరు మూయలేదు. చెరువును చూపించాడు, వరిచేలను చూపించాడు, మేం రోజూ చూసే గుట్టలను కూడా కొత్తవాళ్లకు చెప్పినట్టు చెప్పాడు. దోమకొండ గడి, అంటే పాత దొరల కోట, అప్పటికింకా బాగుచేయని రోజులు. పెద్ద రాతిగోడలు, గడ్డి మొలిచిన బురుజులు, లోపల సున్నం రాలిపోతున్న స్తంభాల మహలు, స్తంభాల మీద చెక్కుచెదరని పూలతీగలు. మేం అడుగు పెట్టగానే పావురాలన్నీ ఒక్కసారిగా లేచి, ఆ రెక్కల చప్పుడు గదిగదికీ తిరిగి మళ్లీ మా దగ్గరికే వచ్చింది.

దర్వాజా దగ్గర అవ్వ ఆగిపోయింది. చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది. బండలు అప్పటికే కాలుతున్నాయి.

"ఏసుకోవే అవ్వా, కాళ్లు కాల్తయి" అన్నాడు మామ.

"చెప్పులతోని గడిలకు పోతార్రా? మా తల్లిగారూర్ల గడి ముంగటికెళ్లి పోవాల్నంటె చెప్పులు చేతులవట్టుకొని, తల వంచుకొని పోదుము."

మామ తెల్లప్యాంటు దుమ్ము అవుతుందని కూడా చూసుకోకుండా కింద కూర్చొని, అవ్వ చేతిలోని చెప్పులు తీసుకొని ఒక్కొక్క పాదానికీ తొడిగాడు. ఆ తర్వాత భుజం అందించి లోపలికి నడిపించాడు. అవ్వ నడుస్తున్నంతసేపూ ఒకచేత్తో మామ భుజం, ఇంకోచేత్తో గోడ పట్టుకునే ఉంది. సునీత బాపు పక్కన నిలబడి ఇదంతా చూసింది. ఆ తర్వాత మామ మహలు పైకప్పు చూపిస్తుంటే, మొదటిసారి తలుపు చాటు లేకుండా, ఆయన ముందరే నిలబడి తలెత్తి చూసింది.

మళ్లీ కామారెడ్డి మీదుగా ఎల్లారెడ్డి దారి పట్టేసరికి ఎండ నెత్తికెక్కింది. అడవి దారిలో ఒక మోదుగు చెట్టు కింద వ్యాను ఆపి పొట్లాలు విప్పాం. మలీద ముద్ద సగం కొరికి, మిగిలిన సగం సునీత మామ ముందు పెట్టి ఉరికొచ్చింది. మామ ఆ సగం ముద్దను చాలాసేపు తిన్నాడు.

సాగర్ ఇంకా కనబడకముందే దాని చప్పుడు వినబడింది. ఎత్తిన గేట్ల నుంచి నీళ్లు తెల్లగా విరిగిపడుతుంటే తుంపర గాలికి ఎగిరొచ్చి మా ముఖాలు తడిపింది. కట్ట అవతలివైపు చూస్తే కనుచూపు మేర నీళ్లే. మబ్బులు ఎక్కడ దిగాయో, నీళ్లు ఎక్కడ ఆగాయో తెలియలేదు. గాలి గట్టిగా కొడుతుంటే అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి రాతిమెట్లకు తగులుతున్నాయి.

"సముద్రం గిట్లనే ఉంటది. కాకపోతె అవుతలి ఒడ్డు ఉండదు" అన్నాడు మామ.

"నువ్వుండేది ఆ ఒడ్డుకేనా?" అని సునీత అడిగింది. మామతో అది నేరుగా మాట్లాడిన మొదటి మాట నేను విన్నంతలో అదే. మామ తల ఊపాడు.

నీళ్లల్లో చెయ్యి పెట్టాలని అది మెట్లు దిగింది. నేనూ బాపూ దానికి రెండుమూడు మెట్ల పైన ఉన్నాం. మామ ఇంకా దూరంగా, అవ్వకు నీడ చూసి కూర్చోబెడుతున్నాడు. పెద్ద అల ఒకటి వచ్చి మెట్టు మీదికెక్కింది. పాకురు మీద కాలు జారి సునీత నడుముదాకా నీళ్లల్లో పడి, రాయి పట్టుకొని కేక పెట్టింది.

"బాపూ!"

బాపూ, మామా ఇద్దరూ తిరిగారు. మా బాపు దగ్గరగా ఉన్నాడు. చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఒక అడుగు దిగాడు కూడా. అప్పుడే పైనుంచి మామ ఉరికొస్తున్న చప్పుడు వినబడింది. దిగిన అడుగు మీదే బాపు ఆగిపోయాడు. నా భుజం మీద చెయ్యి వేసి నన్ను కూడా ఆపాడు. ఆ చెయ్యి ఎంత గట్టిగా బిగుసుకుందో ఇప్పటికీ గుర్తుంది. చూపు మాత్రం సునీత మీదినుంచి తీయలేదు. మామ బూట్లతోనే నీళ్లల్లోకి దిగి దాన్ని ఎత్తుకున్నాడు. అది ఏడుస్తూ ఆయన మెడ చుట్టూ చేతులు వేసి, ఆ తెల్లచొక్కాలో ముఖం దాచుకుంది. మామ దాని వీపు నిమురుతూ ఏదో చెబుతున్నాడు, నీళ్ల హోరులో మాకు వినబడలేదు.

కాసేపటికి బాపు మెల్లగా అన్నాడు. "ఇగ భయం లేదులే. వాళ్ల నాయిన ఉన్నడు."

ఇంటికి వచ్చేటప్పుడు సునీత మామ ఒళ్లోనే నిద్రపోయింది. ఆ తెల్లారి నుంచి అది ఇద్దర్నీ బాపు అనే పిలిచింది. ఎవర్ని పిలిచినా ఇద్దరూ పలికేవాళ్లు, ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. అది మామ పక్కన పడుకోవడం మొదలయ్యాక మా బాపు రాత్రిళ్లు కాసేపు అటూ ఇటూ దొర్లి, అప్పుడు నిద్రపోయేవాడని అమ్మ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది.

దీపావళి దాటాక మామ సెలవు అయిపోయింది. ఈసారి వస్తే మళ్లీ పోనన్నాడు. రెండేళ్ల తర్వాత ఒక ఎండాకాలం, రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదని మస్కట్ నుంచి కబురొచ్చింది. చాలా రోజులకు, పట్నంలోని విమానాల అడ్డా నుంచి పెట్టెలో వచ్చాడు.

శ్మశానానికి పోయే దారిలో పాడె ఒకచోట దించి, ప్రాణం ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతుందన్న ఆశతో, చనిపోయిన మనిషి చెవిలో అయినవాళ్లు పిలుస్తారు. దింపుడు కల్లం అంటారు. ఆడపిల్లలు అంతదూరం రాకూడదని ఎవరో అన్నారు. బాపు వినలేదు. సునీత చెయ్యి పట్టుకొని తీసుకుపోయి పాడె పక్కన కూర్చోబెట్టాడు.

"నువ్వే పిల్వాలె బిడ్డా. గట్టిగ పిలువు."

అది వంగి పిలిచింది. "బాపూ." మళ్లీ పిలిచింది. దాని వెనక నిలబడ్డ మా బాపు, పలకకుండా ఉండడానికి, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

సునీత ఇప్పుడు ఎల్లారెడ్డిలో ఉంటుంది. ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకొని రవికెలు కుడుతుంది. బడి యాత్ర నుంచి తిరిగొచ్చిన వారానికి నేను దాని దగ్గరికి పోయాను. ఇద్దరం బస్సెక్కి సాగర్‌కు పోయాం. నీళ్లు అడుగుకు పోయి ఉన్నాయి. అప్పుడు అల ఎక్కిన మెట్లు ఎండలో పగుళ్లు తేలి, బురద ఆరి, చాలా కిందిదాకా కనబడుతున్నాయి. గేట్లన్నీ మూసి ఉన్నాయి. ఏ చప్పుడూ లేదు. ఫోటోలు దిగుతున్న పిల్లలు నలుగురు తప్ప ఒడ్డున ఎవరూ లేరు. కట్ట మీద కూర్చొని చాలాసేపు దాని పిల్లల చదువుల గురించి, నా మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. తర్వాత అది ఉన్నట్టుండి అడిగింది.

"అక్కా, ఆయన నన్ను ఏమని పిలుస్తుండె? సునీతా అనేనా? బిడ్డా అనేనా? ఇంకేమన్న ముద్దుపేరుండెనా?"

ఆ తెల్లచొక్కా గుర్తుంది, అవ్వ పాదాలు పట్టుకున్న చేతులు గుర్తున్నాయి, దారిలో మాకు చూపించిన గుట్టలన్నీ గుర్తున్నాయి. దాన్ని పిలిచిన పిలుపు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

"యాదికొస్తలేదు సునీతా" అన్నాను.

అది తల ఊపి నీళ్ల వైపు తిరిగింది. అమ్మ ఉన్నప్పుడు అడిగి ఉంటే ఒక్క మాటలో చెప్పేది. అవ్వ చెప్పేది, బాపు చెప్పేవాడు, ఖాజా చాచా అయినా చెప్పేవాడు. ఆ రోజు ఆ వ్యాను ఎక్కినవాళ్లలో ఇప్పుడు మిగిలింది మేమిద్దరమే.