ఒక కోడె, ఒకటే తోక

కోడెను నిలువునా చీలిస్తే రెండు సగాలొస్తాయి. కాళ్ళు చెరి రెండు, పక్కటెముకలు చెరో వరస, నడుము మాంసం చెరి సగం. తోక మాత్రం ఒక్కటే. ఆర్డిస్ అమ్మమ్మకు దేవుడి మీదున్న ఫిర్యాదు ఇదొక్కటే. ప్రతి ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకున్నప్పుడు ఈ సంగతి ఆయనకు గుర్తు చేస్తూనే ఉంటుందని ఆవిడ మొగుడు ఎమిల్ తాత అనుమానం.

నెబ్రాస్కాలోని బ్రష్ క్రీక్‌లో మాంసం దుకాణంలో కొనుక్కునేవాళ్ళు కొత్తగా బదిలీ అయి వచ్చిన పంతుళ్ళు మాత్రమే. మిగతావాళ్ళు ఊరి బయట పశువుల్ని పెంచే కోవార్ల పొలానికి వెళ్ళి, కంచె మీద మోచేతులు ఆనించి, మేస్తున్న కోడెను చూసి మాట ఖాయం చేసుకుంటారు. అది పుష్టిగా తయారయ్యాక లైల్ లాకరుకు తోలుతారు. లాకరంటే నగలు దాచేది కాదు. లైల్ కోడెను కోసి, చల్లగదిలో వేలాడదీసి, మాంసం మెత్తబడ్డాక ముక్కలు కొట్టి, తెల్ల కాగితంలో చుట్టి, గడ్డ కట్టించి, పొట్లం మీద కొన్నవాళ్ళ పేరు ముద్ర గుద్ది ఇచ్చే కొట్టు. ఆ పొట్లాలు ఇంట్లో ఫ్రీజరు పెట్టెలోకి చేరితే ఏడాది పొడుగునా వంటకు బెంగ లేదు.

ఆర్డిస్ అమ్మమ్మ, ఎదురింటి లవాన్ కలిసి ఏటా ఒక కోడెను చెరి సగం తీసుకునేవాళ్ళు. బడిలో ఒకే బల్ల మీద కూర్చుని, ఒకరి జడ ఒకరు లాక్కుంటూ పెరిగినవాళ్ళు. కోవార్ల పెద్దాయన బతికున్నన్నాళ్ళూ తోక పేచీ లేదు. "తోక ఆర్డిస్‌ది, సూపు ఊరిది" అనేవాడాయన. ఎందుకంటే మొదటి మంచు పడ్డ రోజున అమ్మమ్మ తోక సూపు కాచేది. ఆ రోజు రోడ్డు మీద మంచు తోసే బండివాడు, ఉత్తరాలు పంచే ఆవిడ, పాస్టరు, దారిన పోయేవాళ్ళు అందరూ కాళ్ళు దులుపుకుని ఆవిడ వంటింట్లోకి వచ్చేవాళ్ళు. బార్లీ, క్యారెట్, చివర్లో ఎండు మరువం. ఆ వాసన వీధి మొదటిదాకా వెళ్ళేది.

పెద్దాయన పోయాక కొడుకు డ్వేన్ చేతికి పొలం వచ్చింది. డ్వేన్ న్యాయం తెలిసిన మనిషి. అదే కొంప ముంచింది. పోయినేడు "ఇద్దరూ సమానమే కదా" అని బొమ్మాబొరుసా వేశాడు. లవాన్ గెలిచింది. మొదటి మంచు రోజున ఊరంతా ఎదురింట్లోకి వెళ్ళింది. లవాన్ సూపులో టమాటా పోసింది! టమాటా! అయినా జనం లొట్టలేసుకుంటూ తాగారు. ఎమిల్ తాత రెండో గిన్నె కూడా అడిగాడు. ఆ రెండో గిన్నె సంగతి అమ్మమ్మ ఆయనకిప్పటికీ వారానికోసారి గుర్తుచేస్తూనే ఉంటుంది.

అందుకే ఈ ఏడాది సెప్టెంబరు ఆఖర్న, లవాన్ కంటే ముందే, అమ్మమ్మ ఎమిల్ తాతను వెంటబెట్టుకుని కోవార్ల కంచె దగ్గర నిలబడింది. అవతల నల్లటి కోడె ఒకటి, పలకలా పరుచుకున్న వీపుతో, తీరుబడిగా తోక ఊపుతూ మేస్తోంది. అమ్మమ్మ చూస్తున్నది వీపును కాదు.

"ఈసారి ఇదొక్కటే మిగిలిందండీ ఆర్డిస్ గారూ," అన్నాడు డ్వేన్. "మిగతావన్నీ ఎప్పుడో మాటిచ్చేశాను. మామూలేగా, మీకు సగం, లవాన్ గారికి సగం. తోకకి మళ్ళీ బొమ్మాబొరుసా..."

"మొత్తం నాకే," అంది అమ్మమ్మ.

"ఏంటండీ?"

"మొత్తం కోడె. ముక్కు నుంచి ఆ చివరిదాకా."

"ఇంట్లో ఉండేది మీరిద్దరేగా?"

"ఎమిల్ బాగా తింటాడు."

డ్వేన్ ఎమిల్ తాత వైపు చూశాడు. తాత పుల్లలా సన్నగా ఉంటాడు. గాలికి టోపీ పట్టుకుని నిలబడ్డ ఆ మనిషి, తన ఆకలి గురించి తనకే కొత్త విషయం తెలిసినట్టు తలూపాడు.

"మరి లవాన్ గారికి ఏం చెప్పమంటారు? ఆవిడ మొన్ననే ఫ్రీజరు ఖాళీ చేసి కడిగి పెట్టుకున్నారట."

"ఆర్డిస్ ముందొచ్చిందని చెప్పు. అబద్ధం కాదుగా?"

ఇంటికొచ్చేదారంతా అమ్మమ్మ ఈల వేసింది. మర్నాడు లవాన్‌కు కబురు తెలిసింది. ఆ ఆదివారం చర్చిలో పాటల పుస్తకం అందిస్తూ అందిస్తూ, అమ్మమ్మ దగ్గరికి వచ్చేసరికి లవాన్ చెయ్యి ఆమెను దాటి పక్కవాళ్ళకు పోయింది. అమ్మమ్మ పుస్తకం లేకుండానే గట్టిగా పాడింది.

తర్వాత మాంసం ఎలా కొట్టాలో చెప్పడానికి లైల్‌కు ఫోను. ఆ ఫోను కోసం అమ్మమ్మ కొత్త జాకెట్టు తొడుక్కుని మరీ కూర్చుంది.

"స్టేక్ ముక్కలు ఎంత మందం కొట్టమంటారు?" అన్నాడు లైల్.

"నా బొటనవేలంత."

"మీ బొటనవేలు నేనెప్పుడు చూశానమ్మా?"

"పోయినేడు నీ కత్తి కింద దాదాపు పెట్టాను, మర్చిపోయావా? కీమా చిన్న పొట్లాలు. సూపు బొక్కలు పారెయ్యకు. ఇక తోక..."

"తెలుసు, తెలుసు. ఊరంతా తెలుసు."

"తోక పొట్లం విడిగా పెట్టు. నా చేతికే ఇవ్వాలి. ఎమిల్ చేతికి కూడా వద్దు."

నవంబరు రెండోవారంలో ఒక ఉదయం లైల్ ఫోను చేశాడు. కోడె తయారు. ఇవాళే పట్టుకుపోవాలి. రేపటినుంచి జింకల వేట మొదలు, తెల్లారేసరికి వేటగాళ్ళు జింకలు మోసుకుని వరసకడతారు, చల్లగదిలో చీమకు కూడా చోటుండదు. అమ్మమ్మ గబగబా చేతిసంచీ తగిలించుకుంది. ఆ రోజెందుకో నవంబరని మర్చిపోయినట్టు ఎండ కాసింది. పికప్పు ట్రక్కు అద్దాలు దించుకుని, పాత దుప్పట్లు వెనక వేసుకుని, ఇద్దరూ బయల్దేరారు.

లైల్ మనుషులు పెట్టెలు మోసుకొచ్చి ట్రక్కులో సర్దడం మొదలుపెట్టారు. సర్దుతూనే ఉన్నారు. తెల్ల పొట్లాలు, అన్నిటి మీదా నల్లటి ముద్ర: కుచెరా, కుచెరా, కుచెరా. అంత మాంసం మీద తన ఇంటిపేరు చూసుకుని అమ్మమ్మ మురిసిపోయింది. లైల్ తోక పొట్లం తెచ్చి రెండు చేతులతో, పాస్టరు ప్రసాదం అందించినంత భక్తిగా అందించాడు. అమ్మమ్మ దాన్ని చేతిసంచీలో పెట్టి జిప్పు లాగేసింది.

ఎమిల్ తాత ట్రక్కు వెనక్కి వెళ్ళి నిలబడి, ఆ గుట్టను కాసేపు చూశాడు.

"ఆర్డిస్."

"ఊఁ."

"మన ఫ్రీజరు ఎంతది?"

"సరిగ్గా మనకి సరిపోయేంత. ఏటా అంచుదాకా నిండుతుందిగా..."

అక్కడ మాట ఆగిపోయింది. ఏటా అంచుదాకా నిండేది సగం కోడెతో. అమ్మమ్మకు ఈ లెక్క రాక కాదు. తోక మీద చూపు పెట్టిన మనిషికి కోడె కనపడలేదు, అంతే.

"లైల్! సగం రెండు రోజులు నీ దగ్గరుంచు నాయనా!"

"జింకలమ్మా," అన్నాడు లైల్, లోపలికి పోతూ. "జింకలు!"

ఇంటికెళ్ళి నేలమాళిగలోని ఫ్రీజరులో కుక్కారు. అమ్మమ్మ మూత మీద కూర్చుని మరీ మూసింది. బయట ట్రక్కులో ఇంకా సగం కోడె దుప్పట్ల కింద పడుంది. ఇక ఊరి మీద పడ్డారు. ఉత్తరాలు పంచే రోండా ఫ్రీజరు నిండా మొక్కజొన్న కంకులు. "ఒక్క పొట్లమైతే పెట్టగలనమ్మా, అదీ మా ఆయన ఐస్‌క్రీం తినేస్తే." చర్చి వంటింట్లో ఫ్రీజరు తెరిస్తే, విందు కోసం ఆడవాళ్ళు చేసి దాచిన కొలాచీ బన్నులు గోడ కట్టినట్టున్నాయి. వాటిలో పై రెండు వరసలు అమ్మమ్మే చేసింది. తన బన్నుల్ని తనే తిట్టుకుంటూ బయటికొచ్చింది.

ఎండ నెత్తికెక్కింది. దుప్పటి అంచు మీదనుంచి ఒక ఎర్రటి చుక్క జారి రోడ్డు మీద టప్పున పడింది. ఎక్కణ్ణుంచో పక్కింటి కుక్క ప్రత్యక్షమై ట్రక్కు వెనకే నడవసాగింది.

"ఊళ్ళో ఖాళీ ఫ్రీజరు ఒకటుంది," అన్నాడు తాత, రోడ్డు వైపే చూస్తూ.

"నాకు తెలుసు."

"కడిగి, తుడిచి..."

"తెలుసన్నానా, ఎమిల్!"

"టమాటా వాసన కూడా ఉండదు."

అమ్మమ్మ ఆయన వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు ఫ్రీజరు అవసరం లేకుండానే మాంసం గడ్డకట్టాలి. కానీ ఇంకో చుక్క పడింది. కుక్క నాకింది.

"బండి తిప్పు," అంది.

లవాన్ వసారాలో కుర్చీ వేసుకుని బటానీలు ఒలుస్తోంది. నవంబరులో బటానీలు ఎవరొలుస్తారు? చేతిలో ఏదో ఒకటి ఉండాలని డబ్బాలోంచి ఎండువి తీసి ఏరుతోందని దగ్గరికెళ్తే తెలిసింది. లేవలేదు. తల కూడా ఎత్తలేదు.

"ఎండ బాగా కాస్తోందే," అంది అమ్మమ్మ మెట్ల కింద నిలబడి.

"ఆఁ. బట్టలారేసుకోడానికి బాగుంది," అంది లవాన్. "మాంసానికి అంత మంచిది కాదు."

"లవాన్, నీ ఫ్రీజరు..."

"నా ఫ్రీజరుకేం?"

"అదే... ఖాళీగా ఉందేమోనని."

"ఎందుకు ఖాళీగా ఉందో నీకు తెలీదా? అడిగితే చెప్తా."

ఇక అమ్మమ్మ చెప్పాల్సిన మాట ఒక్కటే మిగిలింది. ఊళ్ళో ఎవరికీ ఎప్పుడూ చెప్పని మాట అది. అయినా ట్రక్కులోంచి చుక్కలిప్పుడు వరసగా పడుతున్నాయి.

"నేను చేసింది తప్పేనే," అంది. "సగం నీదే. తీసుకో. చెడిపోతోంది!"

లవాన్ గిన్నె పక్కన పెట్టి లేచింది. "పొద్దున్నే ప్లగ్గు పెట్టాను," అంది. "మొత్తం కోడె పట్టుకుపోతున్నావని లైల్ ఫోన్ చేశాడు. నీ ఫ్రీజరు ఎంతో నాకు తెలీదనుకున్నావా? ఇద్దరం ఒకే రోజు, ఒకే కొట్లో, ఒకే రకం కొన్నాం. మధ్యాహ్నానికల్లా వస్తావనుకున్నా. ఆలస్యం చేశావు. ముందు చర్చికి వెళ్ళావా?"

"వెళ్ళా."

"కొలాచీలు," అంది లవాన్, నవ్వు ఆపుకుంటూ. "ఎమిల్, చూస్తావేం? మొయ్యి!"

ఇక చూడాలి ఆ పరుగులు! ముగ్గురు ముసలివాళ్ళు, ఒక కుక్క. తాత ట్రక్కు మీదనుంచి అందిస్తుంటే అమ్మమ్మ అందుకుని, నేలమాళిగ మెట్ల మీదున్న లవాన్‌కు విసురుతుంటే, ఆవిడ పట్టుకుని ఫ్రీజరులో పేరుస్తోంది. "రోస్టు!" "పట్టా!" "కీమా!" "కాలి మీద వేశావే, చచ్చినదానా!" "పక్కటెముకలొస్తున్నాయ్, జరుగు!" చివరి పొట్లం పెట్టి మూత వేసేసరికి అమ్మమ్మ జుట్టు ముడి ఊడిపోయి, లవాన్ మోకాళ్ళు తడిసిపోయి, ఇద్దరూ బడి వదిలిన పిల్లల్లా ఆయాసపడుతున్నారు. పొట్లాలు మెత్తబడలేదు. అంచులు మాత్రమే చెమ్మగిల్లాయి.

"నా వంతు డబ్బు డ్వేన్‌కు నేనే ఇచ్చుకుంటాను," అంది లవాన్.

"సరే మరి, వెళ్ళొస్తా," అంది అమ్మమ్మ, కాస్త తొందరగానే.

"ఆర్డిస్. నీ చేతిసంచీ కారుతోంది."

నిజమే. సంచీ అడుగునుంచి నీళ్ళు ఆవిడ బూట్ల మీదకి కారుతున్నాయి. వీధి వీధీ తిరిగినంతసేపూ ఆ సంచీ చంకలోనే ఉంది. అమ్మమ్మ దాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఎమిల్ తాత మెట్ల మీదే ఆగి పైకప్పు వైపు చూశాడు. కుక్క సంచీ వైపు చూసింది.

అమ్మమ్మ చివరికి జిప్పు తీసి, పొట్లాన్ని బయటకు తీసి, ఒకసారి చేత్తో తడిమి, తనే ఫ్రీజరు మూతెత్తి అన్నిటికంటే పైన పెట్టింది.

"టమాటా తక్కువ వెయ్యి," అంది. అని వెనక్కి చూడకుండా మెట్లెక్కింది.

మొదటి మంచు థాంక్స్‌గివింగ్ పండగ దాటాక పడింది. పొద్దున లేచేసరికి వీధి తెల్లగా ఉంది. అమ్మమ్మ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఎదురింటి వైపు అస్సలు చూడకుండా ఎదురింటినే చూస్తోంది. మంచు బండి ఆగింది. రోండా వెళ్ళింది. పాస్టరు వెళ్ళాడు. ఎమిల్ తాత టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "రెండో గిన్నె అడగను," అన్నాడు. ఫోను మోగింది.

"ఏమే, రావేం?" లవాన్. "ఏదో తక్కువైంది. ఏంటో తెలీట్లేదు. వచ్చి చూడు."

అమ్మమ్మ బూట్లు తొడుక్కోవడానికి ఎంతో సేపు పట్టలేదు. లవాన్ వంటిల్లు కిక్కిరిసి ఉంది. కుండ దగ్గరికెళ్ళి గరిటె ముంచి రుచి చూసింది. టమాటా నిజంగానే తక్కువే పోసింది. లవాన్ బన్నుల కోసం అటు తిరగ్గానే, అమ్మమ్మ కోటు జేబులోంచి చిన్న పొట్లం తీసి, గుప్పెడు ఎండు మరువం అరచేతుల్లో నలిపి కుండలో పడేసి గిరగిరా తిప్పింది. అటు తిరిగిన లవాన్‌కు ఎదుటి గోడమీద మెరుస్తున్న మూకుడులో అంతా కనిపిస్తూనే ఉంది. ఆవిడ బన్నులు లెక్క పెట్టుకుంటున్నట్టు నిలబడి, కావలసినంత సమయం ఇచ్చింది.

"ఇప్పుడు కుదిరింది!" అన్నాడు మంచు బండివాడు, మూతి తుడుచుకుంటూ. "ఎవరు చేశారు?"

"నేను," అన్నారు ఇద్దరూ.

ఎమిల్ తాత మూడు గిన్నెలు తాగాడు. అమ్మమ్మ నాలుగు.

సాయంత్రం ఇంటికొచ్చీ రాగానే కోటు కూడా విప్పకుండా అమ్మమ్మ డ్వేన్‌కు ఫోను చేసింది.

"వచ్చే ఏటికి సగమే నాయనా. సగం లవాన్‌కి. ఆఁ, ఒట్టు, సగమే. కానీ డ్వేన్, ఒక్కమాట చెప్పు. నీ దగ్గరున్న దూడల్లో అన్నిటికంటే పొడుగు తోక దేనిది?"