ముప్పై ఒకటి అంకె దగ్గర ఆగిన ముల్లు

1944లో మేడ్చల్‌లో మా వీధికి కరెంటు లేదు. నేను మున్షీగా లెక్కలు రాసే బియ్యం మిల్లులో మాత్రం ఆయిల్ ఇంజిను ఉండేది. సాయంత్రం అది తిరిగినంతసేపు, దానికి తగిలించిన డైనమో వల్ల పక్కనే ఉన్న యజమాని సేఠ్ ఇంట్లో దీపాలు వెలిగేవి, రేడియో పలికేది.

అది బల్ల మీద పెట్టుకునే రేడియో కాదు. నేల మీద నిలిచే, నా ఛాతీ ఎత్తు చెక్క పెట్టె. స్వదేశానికి వెళ్లిపోతున్న దొర ఒకడు సికింద్రాబాదులో అమ్మితే మా సేఠ్ కొన్నాడు. దాని ముందువైపు ఎనిమిది బొత్తాలుండేవి. ఒకదాన్ని నొక్కితే లోపల చిన్న మోటారు మూలిగేది. అంకెల పలక మీద ముల్లు తనంతట తానే పరుగెత్తి, ముందుగా బిగించిన స్టేషను దగ్గర నిలిచేది. మూడో బొత్తానికి మద్రాసును నేనే బిగించాను. నా భార్య పోయి అప్పటికి ఏడాది. మిల్లు వెనక గదిలో వండుకుని తినేవాణ్ణి. నా లెక్కల పని ముగిశాక సేఠ్ ముందుగదిలో కూర్చుని మద్రాసు వినడం తప్ప నాకు వేరే సాయంత్రం లేదు.

సేఠ్ తమ్ముడు సైన్యంలో లారీ నడుపుతూ ఈజిప్టులో ఉండేవాడు. సిపాయిలు ఇంటివారికి చెప్పే కబుర్లు ఢిల్లీ నుంచి వస్తాయని, ఫలానా శుక్రవారం తన వంతని కబురు పంపాడు. అవి వచ్చే చిన్న తరంగాల (షార్ట్‌వేవ్) దాకా బొత్తాలు పోవు. నేను చేత్తో తిప్పి వెతికాను. ముప్పై ఒకటి అంకెకు కాస్త ఎడమగా అతని గొంతు దొరికింది. "అమ్మీ, మై అచ్ఛా హూఁ. ఫికర్ నక్కో కరో." బాగున్నాను, దిగులుపడకు అన్నాడు, అంతే. వాళ్ల అమ్మ, మేమందరం అమ్మీజాన్ అని పిలిచే ఆమె, పెట్టెకు రెండు చేతులూ ఆనించి నిలబడిపోయారు.

మరునాడు నేను వెళ్లేసరికి ముల్లును తిప్పే గుబ్బకు, బొత్తాల వరుసకు కలిపి పచ్చదారం కట్టి ఉంది. దర్గాలో మొక్కుకున్నవారు కట్టే దారం అది. మొక్కు తీరాక కట్టినవారే విప్పాలి.

"ఇగ ముట్టకు మున్షీ. ముల్లు ఆడనే ఉండనీ. మావోడు మల్ల గాడికే వస్తడు" అన్నారు అమ్మీజాన్.

ఒకే తరంగం మీద వేళనుబట్టి వేర్వేరు కార్యక్రమాలు వస్తాయని, ఆ కబుర్ల వంతు మళ్లీ రావడం అరుదని వివరించాను.

"నీ లెక్కలు మిల్లుల జెప్పుకో."

సేఠ్ నవ్వాడు. "అమ్మీ, గిది రేడియోనా, దర్గానా?"

"నువ్వు సికింద్రాబాద్ పోయొస్తెనే జాడ చెప్పవ్. వాడు సముద్రం అవతలకెల్లి మాట్లాడిండు. సప్పుడు చెయ్యకు."

ఆ తరువాత ప్రతి సాయంత్రం ఇంజిను తిరిగినంతసేపూ ఆమె రేడియో ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. తెలియని భాషలు, యుద్ధవార్తలు, ఎక్కువగా గరగర శబ్దం. నేనూ పక్కన కూర్చునేవాణ్ణి. మద్రాసు లేకపోయినా వెళ్లడం మానలేదు.

ఒకనాడు గరగర మధ్యలో ఆమె అడిగారు. "బిడ్డా, నీ ఇంటామె గొంతు యాదికున్నదా?"

నా భార్య పోయిన తేదీ, తిథి, వారం చెప్పాను. గొంతు ఎలా ఉండేదో మాత్రం గుర్తుకు రాలేదు. అమ్మీజాన్ తన తమలపాకుల పెట్టె, పాందాన్‌ను నా వైపు జరిపారు.

ఆ కొడుకు గొంతు మళ్లీ రేడియోలో రాలేదు. 1946 వేసవిలో మనిషే వచ్చాడు. చిక్కిపోయి, ఎండకు నల్లబడి, గుమ్మంలో నిలబడి రేడియోకున్న దారాన్ని చూశాడు.

"గిదేంది అమ్మీ, డబ్బను కట్టేసినవ్?"

"ముందుగాల నువ్వు దీంట్లకెల్లే గద వచ్చినవ్! మల్ల యాడికన్న పోతవని కట్టేసిన."

దారాన్ని ఆమే విప్పారు. "ఇగ నీ మద్రాస్ నువ్వు ఇను మున్షీ" అని కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి నడిచారు. కాసేపటికి సేఠ్ వచ్చి, తమ్ముడు కూర్చోవడానికి నా పక్కనున్న ఆమె కుర్చీని కూడా తీసుకుపోయాడు.

నేను బొత్తాం నొక్కాను. లోపలి నుంచి పళ్లేల చప్పుడు, ఒకరి మాట మీద ఒకరి మాట, అమ్మీజాన్ నవ్వు వినిపిస్తున్నాయి. మద్రాసు ఆ సాయంత్రం ఎన్నడూ లేనంత స్పష్టంగా వచ్చింది. ఇంజిను ఆపకముందే లేచి నా గదికి వచ్చేశాను.